పాత ఇంజిన్ హెడ్‌కి గట్టి వాల్వ్ సీట్లు వేయించాలా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పాత పెట్రోల్ ఇంజిన్, సీసం లేని పెట్రోల్, మధ్యలో వాల్వ్ సీటు, అంటే ఇంజిన్ పైభాగమైన హెడ్‌లో వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే గుండ్రటి అంచు. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈ శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: మా నాన్నగారు వాడిన కారు ఇప్పుడు నా దగ్గరుంది. 1960ల నాటిది, నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, హెడ్ పోత ఇనుముది. సెలవు రోజుల్లోనే బయటికి తీస్తాను, ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లు దాటదు. బండి బాగానే నడుస్తోంది. మొన్న టాపెట్లు సరిచేయించడానికి వెళ్తే మెకానిక్ "సీసం లేని పెట్రోల్ పోస్తున్నారు కదా, హెడ్ దించి గట్టి సీట్లు వేయించకపోతే వాల్వులు పోతాయి" అన్నాడు. అప్పట్నుంచి బండి తీయాలంటేనే టెన్షన్‌గా ఉంది. నిజంగా వేయించాలా?

జవాబు: ఇప్పుడు వద్దండీ. బాగా నడుస్తున్న ఇంజిన్ హెడ్‌ని భయంతో దించకండి. మీ మెకానిక్ అబద్ధం చెప్పలేదు, సీటు అరిగిపోవడం నిజంగా జరిగేదే. అయితే అది ఏ ఇంజిన్‌లో, ఎలాంటి వాడకంలో జరుగుతుందో తెలియకుండా అందరికీ ఒకే మందు రాయకూడదు. అసలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది.

సీసాన్ని పెట్రోల్‌లో కలిపింది వాల్వుల కోసం కాదు. 1921 చివర్లో జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో థామస్ మిడ్జ్‌లీ బృందం నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి ఒక్కసారిగా మండి గలగలమనడం) ఆపడానికి టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం పనికొస్తుందని కనిపెట్టింది, 1923లో అది బంకుల్లోకి వచ్చింది. నాకింగ్ తగ్గింది కాబట్టి కంప్రెషన్ పెంచుకోవచ్చు, ఆ ఇంజిన్ నుంచి ఎక్కువ శక్తి తీయొచ్చు, వాళ్లకు కావాల్సింది అదే. మండిన తర్వాత మిగిలిన సీసపు సమ్మేళనాలు మాత్రం ఎగ్జాస్ట్ వాల్వ్ ముఖం మీద, సీటు మీద సన్నటి పొరలా పేరుకునేవి. ఆ పొర రెండు లోహాల మధ్య మెత్తలా పనిచేసేది. ఎవరూ కోరి పెట్టని మేలు అది. దాన్ని నమ్ముకుని కంపెనీలు దశాబ్దాల పాటు సీటుని హెడ్ ఇనుములోనే నేరుగా చెక్కేశాయి, వేరే గట్టి లోహపు రింగు (గట్టి సీటు అంటే అదే) వేయలేదు, గట్టిపరచలేదు.

ఆ పొర లేకపోతే ఏమవుతుంది? ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వ్ నిమిషానికి 1500 సార్లు, అంటే సెకనుకి 25 సార్లు సీటు మీద కూర్చుని లేస్తుంది. బాగా లోడు మీద ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్ తల 700 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, ఎర్రగా కాలుతూ ఉంటుందన్నమాట. అంత వేడి మీద, స్ప్రింగు బలంతో, ఉత్త లోహం ఉత్త లోహాన్ని తాకితే కంటికి కనపడని చోట్ల రెండూ అతుక్కుంటాయి. మళ్లీ తెరుచుకోగానే అతుకు ఊడుతుంది, ఊడేటప్పుడు మెత్తగా ఉన్న సీటు నుంచి ఇనుప రేణువు లేచి వస్తుంది. ఆ రేణువు ఆక్సైడ్‌గా మారి గట్టిపడి వాల్వ్ ముఖానికి పట్టుకుంటుంది. ఇక అక్కడి నుంచి వాల్వే సానరాయిగా మారుతుంది, కూర్చున్న ప్రతిసారీ సీటుని గీరుతుంది. సీటు తరిగేకొద్దీ వాల్వ్ హెడ్ లోపలికి దిగిపోతూ ఉంటుంది.

ఇందులో కీలకం వేడి, వేగం, లోడు. ఈ మూడూ కలిసి గంటల తరబడి ఉంటేనే సీటు వేగంగా తరుగుతుంది. హైవే మీద బాగా తొక్కి నడిపే బండి, కొండ రోడ్లలో బరువు లాగే బండి, రేసుల్లో తిరిగే బండి ఈ కోవలోకి వస్తాయి. సెలవు రోజు నిదానంగా నడిచే మీ బండిలో వాల్వ్ అంత వేడెక్కే సమయమే తక్కువ. పైగా సీసపు పెట్రోల్ మీద ఏళ్ల తరబడి నడిచిన ఇంజిన్‌లో పాత పొర కొంతకాలం నిలుస్తుంది. అది ఎన్నాళ్లుంటుందో కిలోమీటర్లలో లెక్క కట్టలేం, కానీ హెడ్ దించి సీట్లు గ్రైండ్ చేయించిన రోజున మాత్రం అది కచ్చితంగా పోతుంది. అవసరం లేకుండా హెడ్ ముట్టుకోవద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే. మీ సీట్లు అరుగుతున్నాయో లేదో హెడ్ దించకుండానే తెలుసుకునే దారి ఉంది, ఆ ప్రశ్న మరొకరు అడిగారు, కింద చూడండి.

ప్రశ్న: సీటు అరుగుతోందని బయటినుంచి ఎలా తెలుస్తుంది? శబ్దం వస్తుందా?

జవాబు: శబ్దం రాదు, అదే దీనిలో ప్రమాదం. టాపెట్ గ్యాప్ (వాల్వ్ కాడకీ దాన్ని నొక్కే రాకర్ అనే మీటకీ మధ్య ఉంచే సన్నటి ఖాళీ) పెరిగితే టకటక వినిపిస్తుంది, అందరూ పరుగెత్తుకుని వస్తారు. సీటు తరిగినప్పుడు జరిగేది దానికి రివర్స్. వాల్వ్ హెడ్‌లోకి దిగితే దాని కాడ చివర రాకర్ వైపు పైకి జరుగుతుంది, గ్యాప్ తగ్గుతుంది, ఇంజిన్ మునుపటికంటే నిశ్శబ్దంగా ఉంటుంది. "ఈమధ్య బండి మెత్తగా నడుస్తోంది" అని ఓనరు సంతోషిస్తుంటాడు. ఆ తర్వాత గ్యాప్ పూర్తిగా పోయి వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోలేని స్థితి వస్తుంది. వాల్వ్‌లోని వేడిలో దాదాపు ముప్పావు వంతు సీటు ద్వారానే హెడ్‌లోకి, అక్కడి నుంచి నీళ్లలోకి పోవాలి. కూర్చోకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. దానికి తోడు మండుతున్న వాయువు ఆ సందులోంచి ఊదుతూ వాల్వ్ అంచుని కోసేస్తుంది. అప్పుడు మిస్ కొట్టడం, స్టార్టింగ్ ఇబ్బంది, పికప్ పడిపోవడం అన్నీ కనిపిస్తాయి, కానీ అప్పటికే వాల్వ్ కాలిపోయి ఉంటుంది.

కాబట్టి చెవిని నమ్మకండి, ఫీలర్ గేజ్‌ని (ఖాళీని కొలిచే సన్నటి రేకుల పనిముట్టు) నమ్మండి. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. మీ ఇంజిన్‌కి చెప్పిన గ్యాప్ ఎంతో, చల్లగా ఉన్నప్పుడు చూడాలో వేడిగా ఉన్నప్పుడు చూడాలో మాన్యువల్‌లో ఉంటుంది, దాని ప్రకారం అన్ని వాల్వులూ సెట్ చేసి తారీకు, మీటరు రీడింగు రాయండి. వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ కొలవండి. సెట్ చేసే ముందు కొలవాలి, ఇది మర్చిపోకండి, చాలామంది నేరుగా సరిచేసేస్తారు, అంతకు ముందు ఎంత ఉందో ఎవరికీ తెలియకుండా పోతుంది.

గ్యాప్ రాకర్‌కీ వాల్వ్ కాడకీ మధ్య కొలిచే ఇంజిన్లలో అది ఎంత తగ్గితే వాల్వ్ దాదాపు అంతే లోపలికి దిగినట్టు. 0.30 మిల్లీమీటర్లు పెట్టింది 0.29 అయితే అది మీ చేతి తేడా కావచ్చు. అదే ఎగ్జాస్ట్ వాల్వు ప్రతి వెయ్యి కిలోమీటర్లకీ 0.05 చొప్పున మూసుకుంటూ వస్తుంటే, మీ సీటు నిజంగానే పోతోంది. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ పక్కపక్కన పెట్టి చూడండి. ఇన్‌లెట్ వాల్వ్‌ని లోపలికొచ్చే చల్లటి మిశ్రమం ప్రతిసారీ చల్లారుస్తుంది కాబట్టి దానికి ఈ జబ్బు దాదాపు రాదు. ఎగ్జాస్ట్‌వి మాత్రమే తగ్గితే అనుమానం సీటు మీద. అన్నీ ఒకే లెక్కన తగ్గితే కారణం వేరే ఉండొచ్చు, ఉదాహరణకి కామ్ (వాల్వుల్ని తెరిపించే ఇరుసు) బ్లాకులో ఉండి పుష్ రాడ్లున్న ఇంజిన్‌లో హెడ్ బోల్టులు మళ్లీ బిగిస్తే హెడ్ కాస్త కిందికి దిగి అన్ని గ్యాపులూ తగ్గుతాయి. ఇంకో తిరకాసు కూడా ఉంది. కామ్, రాకర్ అరుగుతుంటే గ్యాప్ పెరుగుతుంది, సీటు తరిగితే తగ్గుతుంది, రెండూ కలిసి జరిగితే ఒకదాన్నొకటి కప్పేస్తాయి. అందుకే ఒక్కసారి కొలిచి తేల్చేయకుండా మూడు నాలుగు సార్ల రీడింగులు వరసగా చూడమంటాను.

హైడ్రాలిక్ టాపెట్లున్న ఇంజిన్‌కి ఈ పద్ధతి పనికిరాదు. ఆ టాపెట్ తనంతట తనే సర్దుకుంటూ పోతుంది, లోపల దిగడానికి ఇక చోటు లేనంత వరకు బయటికి ఏమీ తెలియనివ్వదు. అలాంటి వాటికి ఏడాదికోసారి కంప్రెషన్ టెస్టు, వీలైతే రాకర్ కవరు తీసి వాల్వ్ కాడల ఎత్తు ఒక తిన్నటి పట్టీ పెట్టి పోల్చుకోవడం మేలు. ఒక ఎగ్జాస్ట్ కాడ పక్కవాటికంటే పైకి కనిపిస్తే అక్కడ పని మొదలైనట్టే.

ప్రశ్న: నా బండి హెడ్ అల్యూమినియంది. నాకూ ఈ సమస్య ఉందా?

జవాబు: చాలావరకు లేదు. అల్యూమినియం మీద వాల్వ్ కూర్చుంటే కొద్ది రోజుల్లోనే గుంట పడిపోతుంది, అందుకని ఆ హెడ్లలో మొదటినుంచీ వేరే లోహపు రింగులు బిగించి ఇచ్చేవారు. ఆ రింగుల్లో ఎక్కువ భాగం సీసం లేకపోయినా తట్టుకుంటాయి. కొన్ని చాలా పాత ఇంజిన్లలో కంచు రింగులు వాడారు, అలాంటిది అయితే గ్యాప్ మీద కన్నేసి ఉంచండి. మీరు గమనించాల్సిన అసలు విషయం వేడి, ఎందుకంటే ఇంజిన్ బాగా ఓవర్‌హీట్ అయితే అల్యూమినియం ఉక్కుకంటే ఎక్కువ వ్యాకోచించి రింగు పట్టు వదులుతుంది.

ప్రశ్న: సీసానికి బదులుగా పెట్రోల్‌లో కలిపే మందులు పనిచేస్తాయా, లేక డబ్బు దండగేనా? విమానాల పెట్రోల్‌లో సీసం ఉంటుంది కదా, అది కొంచెం కలిపితే సరిపోదా?

జవాబు: మొదటిదానికి సమాధానం, కొన్ని పనిచేస్తాయి. బ్రిటన్‌లో 1999 చివర్లో సీసపు పెట్రోల్ అమ్మకం ఆగిపోతోందని తెలిసినప్పుడు అక్కడి పాత వాహనాల క్లబ్బుల సమాఖ్య ఈ మందుల్ని మైరా అనే పరీక్షా కేంద్రంలో పరీక్ష చేయించింది. పరీక్షకి ఎంచుకున్నది మినీ లాంటి బ్రిటిష్ కార్లలో వాడిన బీఎంసీ ఏ-సిరీస్ ఇంజిన్, పోత ఇనుప హెడ్, సీట్లు మెత్తనివి. ఆ పరీక్ష గట్టెక్కిన మందుల్లో సోడియం, పొటాషియం, ఫాస్ఫరస్, మాంగనీస్ మీద ఆధారపడినవి ఉన్నాయి. ఇవి కూడా సీసంలాగే సీటు మీద సన్నటి పొర వదులుతాయి. కాబట్టి మందు డబ్బాలో ఏ రసాయనం ఉందో, ఎంత పెట్రోల్‌కి ఎంత కలపాలో స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి, ప్రతి ఫిల్లింగ్‌కీ కలపండి, ఒక రకం నుంచి ఇంకో రకానికి మారేటప్పుడు ట్యాంకు ఖాళీ అయ్యాకే మారండి. రెండు రకాలు కలిపి పోయకండి. ట్యాంకులో వేసే అయస్కాంతాలు, తగరపు గుళికల్లాంటివాటికి నేను మాత్రం దూరంగా ఉంటాను.

ఇక్కడ ఒక గందరగోళం బాగా ఉంది. సీసం రెండు పనులు చేసేది, ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే గుణం) పెంచేది, సీటుని కాపాడేది. ఆక్టేన్ బూస్టర్ అని అమ్మేది మొదటి పని చేస్తుంది, రెండోది చేయాలని ఏమీ లేదు. సీటు కోసం మందు కొంటున్నప్పుడు వాల్వ్ సీటు రక్షణ గురించి రాసి ఉందా లేదా చూసుకోండి.

విమానాల పెట్రోల్ గురించి మాత్రం దయచేసి వద్దు. 100 ఎల్ఎల్ అనే ఆ ఇంధనంలో లీటరుకి 0.56 గ్రాముల దాకా సీసం ఉండొచ్చు, రోడ్డు మీద వాడటం చాలా దేశాల్లో నేరం. అదొక్కటే కారణం కాదు. సీసం పిల్లల మెదడుకి చేసే నష్టం ఎంతటిదో తెలిశాకే ప్రపంచమంతా రోడ్డు బండ్ల పెట్రోల్‌లోంచి దాన్ని వదిలించుకుంది, ఆఖరి దేశంగా అల్జీరియా 2021లో ఆపేసింది. ఒక్క మన బండి సీట్ల కోసం మళ్లీ ఆ పొగని మన వీధిలోకే వదలడం నాకు మనస్కరించదు. ఇంజిన్ పరంగా చూసినా సీసం పోవడం వల్ల లాభాలే ఎక్కువ. ప్లగ్గులు తొందరగా పాడవడం లేదు, ఇంజిన్ ఆయిల్‌లో ఆమ్లాలు తగ్గాయి, సైలెన్సర్లు ఎక్కువ కాలం నిలుస్తున్నాయి.

ప్రశ్న: ఇదే పాత ఇంజిన్‌ని గ్యాస్ మీద నడపాలనుకుంటున్నాను. ఎల్పీజీ శుభ్రంగా మండుతుంది కదా, సీట్లకి మంచిదే అంటున్నారు.

జవాబు: ఆయిల్‌కి మంచిది, సీట్లకి కాదు. గ్యాస్ ఆవిరిగా లోపలికి వెళ్తుంది, దానిలో సీసమూ లేదు, సీటు మీద పొర వదిలే మరొకటీ లేదు, ద్రవ పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు వచ్చే చల్లదనమూ లేదు. మిశ్రమం కొంచెం పలచనైతే వేడి ఇంకా పెరుగుతుంది. మెత్తటి ఇనుప సీట్లున్న హెడ్‌ని గ్యాస్ మీద రోజూ నడపాలంటే ముందుగానే గట్టి సీట్లు వేయించండి, ఈ ఒక్క సందర్భంలో మాత్రం "అరిగాక చూద్దాం" అని నేను చెప్పను.

ప్రశ్న: ఎగ్జాస్ట్ వాల్వ్ ఒకటి కాలిపోయి హెడ్ దించాల్సి వచ్చింది. సీట్లు గుంటలు పడి ఉన్నాయి, ఒకటి బాగా లోపలికి పోయింది. మెషిన్ షాపువాళ్లు ఎనిమిదింటికీ రింగులు వేద్దామంటున్నారు. ఒప్పుకోనా? వాళ్లకి ఏమేం చెప్పాలి?

జవాబు: మీరు ఒప్పుకోవాల్సిన సమయం ఇదే. హెడ్ ఎలాగూ బల్ల మీద ఉంది, సీటు ఎలాగూ పోయింది, దానిలో మళ్లీ మెత్తటి ఇనుమునే చెక్కి పెట్టడంలో అర్థం లేదు. అయితే ఎనిమిదీ వద్దు. ఎగ్జాస్ట్ నాలుగు చాలు. ఇన్‌లెట్ సీట్లు బాగుంటే సన్నగా లాపింగ్ చేసి (పేస్టుతో రుద్ది నునుపు చేసి) వదిలేయమనండి. హెడ్‌లో వేసే ప్రతి రంధ్రమూ ఒక రిస్కే, అవసరం లేని చోట ఆ రిస్కు ఎందుకు?

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట నా దగ్గరున్న ఒక నాలుగు సిలిండర్ల ఇంజిన్ హెడ్‌ని, ఏ జబ్బూ లేకుండానే, ముందు జాగ్రత్త అనుకుని రింగులు వేయడానికి ఒక షాపులో ఇచ్చాను. మధ్యలో రెండు ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కనే ఉండే హెడ్ అది. అక్కడ బోరింగ్ కాస్త లోతుకి పోయి నీళ్ల గది గోడ సన్నబడింది, అది అప్పుడు ఎవరికీ కనపడలేదు, ప్రెషర్ టెస్టు చేయలేదు. బిగించాక కొద్ది రోజులు బాగానే ఉంది, తర్వాత రేడియేటర్‌లో నీళ్లు తగ్గడం మొదలైంది, పొద్దున్నే స్టార్ట్ చేస్తే తెల్ల పొగ. హెడ్ దించి చూస్తే రింగు పక్కన వెంట్రుక లాంటి పగులు. అలాంటి హెడ్ మరొకటి దొరకడానికి నాకు రెండేళ్లు పట్టింది. పాడవని హెడ్‌ని పాడు చేసుకున్నానన్న బాధ ఇప్పటికీ ఉంది, అందుకే ఈ ప్రశ్న ఎవరు అడిగినా ఇంత పొడుగు చెబుతాను.

షాపులో ముందుగా అడగాల్సింది, ఇదే మోడల్ హెడ్‌కి ఇంతకు ముందు రింగులు వేశారా, ఎంత లోతు వరకు పోవచ్చో తెలుసా అని. తెలియకపోతే వేరే చోటికి వెళ్లండి. పని మొదలుపెట్టే ముందు హెడ్‌ని పగుళ్ల కోసం పరీక్షించమనండి, పని అయ్యాక నీళ్ల గదికి ప్రెషర్ టెస్టు చేయమనండి. రెండూ కావాలి.

ఆ తర్వాత గైడ్లు, అంటే వాల్వ్ కాడ జారే గొట్టాలు. సీటు కోసే పనిముట్టు గైడ్‌లో దూర్చిన పైలట్ అనే కడ్డీ మీదే తిరుగుతుంది, గైడ్ అరిగి వదులుగా ఉంటే సీటు ఒక పక్కకి కోసుకుపోతుంది. ఎంత ఖరీదైన రింగు వేసినా వాల్వ్ ఒక అంచునే తాకుతుంది. కాబట్టి గైడ్లు ముందు, సీట్లు తర్వాత. ఈ వరస తప్పితే మిగతా పనంతా వృథా.

రింగు హెడ్‌లో బిగుతుగా కూర్చోవాలి, అంటే రంధ్రం రింగుకంటే కాస్త చిన్నదిగా ఉండాలి. పోత ఇనుప హెడ్‌లో మామూలు కారు సైజు రింగుకి ఆ తేడా 0.08 నుంచి 0.13 మిల్లీమీటర్ల మధ్య ఉంచుతారు. రింగు తయారుచేసిన కంపెనీ తన లెక్క తనే ఇస్తుంది, దాన్నే పాటించాలి. హెడ్‌ని వేడి చేసి, రింగుని బాగా చల్లబరిచి దించితే తేలిగ్గా కూర్చుంటుంది, సుత్తితో బాది దించితే రంధ్రం గోడ గీసుకుపోయి పట్టు తగ్గుతుంది. రంధ్రం అడుగు చదునుగా ఉండి రింగు పూర్తిగా అడుగుకి ఆనాలి. ఆనకపోతే వేడి హెడ్‌లోకి పోదు, రింగు ఏదో ఒక రోజు ఊడి వాల్వ్‌కి అడ్డం పడుతుంది. ఆ తర్వాత జరిగే నష్టం ఒక్క సీటుతో ఆగదు, పిస్టన్, హెడ్ రెండూ పోతాయి.

వాల్వ్‌ల సంగతి కూడా చూడండి. గట్టి సీటు మీద పాతకాలపు మెత్తటి వాల్వ్ పెడితే అరుగుదల సీటు నుంచి వాల్వ్‌కి మారుతుంది, అంతే తేడా. ఎగ్జాస్ట్‌కి 21-4ఎన్ అనే ఉక్కుతో చేసిన వాల్వులు, లేదా ముఖం మీద స్టెలైట్ అనే గట్టి లోహపు పూత ఉన్నవి వేయించండి. సీటు వెడల్పు ఎగ్జాస్ట్‌కి ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు ఉంచమనండి. మరీ సన్నగా చేస్తే చూడటానికి బాగుంటుంది, గాలి బాగా పోతుందని కూడా చెబుతారు, కానీ వాల్వ్ చల్లబడే దారి సన్నబడుతుంది. రోడ్డు మీద ఏళ్ల తరబడి నడవాల్సిన ఇంజిన్‌కి కాస్త వెడల్పు సీటే మంచిది.

ఇంకో దారి కూడా ఉందని గుర్తుంచుకోండి. కొన్ని పాత ఇంజిన్లు చాలా ఏళ్లు తయారవుతూ వచ్చాయి, చివరి రోజుల్లో వాటికి కంపెనీయే సీసం లేని పెట్రోల్‌కి తగిన హెడ్ వేసింది. ఏ-సిరీస్‌కి 1980ల చివర్లో అలాంటివి వచ్చాయి. మీ ఇంజిన్‌కి సరిపోయే తర్వాతి కాలపు హెడ్ దొరికితే, పాతదాన్ని కోయకుండా దాచిపెట్టి, అది బిగించుకోవడం నా దృష్టిలో అన్నిటికంటే మంచి పని.

ప్రశ్న: 1970ల చివరి ఇంజిన్ నాది. దీనికి కంపెనీలోనే సీట్లు గట్టిపరిచారని విన్నాను, కానీ రింగు గీత ఏమీ కనపడటం లేదు. విన్నది అబద్ధమా?

జవాబు: అబద్ధం కాకపోవచ్చు. ఇండక్షన్ హార్డెనింగ్ అని ఒక పద్ధతి ఉంది, సీటు చెక్కాక ఆ చోటుని మాత్రం విద్యుత్తుతో క్షణాల్లో ఎర్రగా కాల్చి చల్లబరుస్తారు, హెడ్ ఇనుమే అక్కడ గట్టిపడుతుంది. అమెరికాలో 1970ల నుంచి చాలా ఇంజిన్లకి ఇదే చేశారు. రింగు ఉండదు కాబట్టి గీత కనపడదు. హెడ్ దించినప్పుడు మూలన చిన్న ఆకురాయి పెట్టి చూస్తే గట్టిపరిచిన సీటు మీద జారుతుంది, మెత్తటి ఇనుమైతే కరుచుకుంటుంది. ఆ గట్టిదనం పైపైన ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు వరకే ఉంటుంది, ఒకటి రెండు సార్లు బాగా లోతుగా గ్రైండ్ చేస్తే మళ్లీ మెత్తటి ఇనుము బయటపడుతుంది. పాత హెడ్ కొంటున్నప్పుడు ఇది తప్పకుండా అడగండి.

ప్రశ్న: మా పాత పెట్రోల్ ట్రాక్టరుకి కూడా ఇవి కావాలా? డీజిల్ ట్రాక్టరు మాటేమిటి?

జవాబు: డీజిల్‌లో సీసం ఎప్పుడూ లేదు, దానికి ఈ ప్రశ్నే రాదు. పెట్రోల్ ట్రాక్టరు గురించి అమెరికాలో వ్యవసాయ శాఖ, పర్యావరణ పరిరక్షణ సంస్థ కలిసి 1980ల మధ్యలో పరీక్షలు చేసి 1987లో నివేదిక ఇచ్చాయి, ఎందుకంటే అక్కడి రైతులకి కూడా ఇదే భయం ఉండేది. నిదానంగా తిరిగే పాత ట్రాక్టరు ఇంజిన్లలో అరుగుదల పెద్దగా లేదు, ఎక్కువ చుట్ల మీద బరువు మోసే ట్రక్కు తరహా ఇంజిన్లలో బాగా కనిపించింది. సీసం రాకముందు, అంటే 1923కి ముందు తయారైన ఇంజిన్లన్నీ సీసం లేకుండానే నడిచాయి కదా, వాటి కంప్రెషన్ తక్కువ, వేగం తక్కువ, వేడీ తక్కువ. మీ ట్రాక్టరు ఆ తరహాదైతే గ్యాప్ చూసుకుంటూ వాడుకోండి.

ప్రశ్న: గట్టి సీట్లు వేయించాను, అయినా ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ గలగలమంటోంది. పని సరిగ్గా చేయలేదా?

జవాబు: సీట్ల పనికీ ఆ గలగలకీ సంబంధం లేదు. అది నాకింగ్, ఆక్టేన్ సరిపోవడం లేదు. మీ ఇంజిన్ ఎక్కువ ఆక్టేన్ ఉన్న సీసపు పెట్రోల్‌కి టైమింగ్ పెట్టుకుని తయారైంది. దొరికే వాటిలో ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోసి చూడండి, అప్పటికీ ఉంటే ఇగ్నిషన్ టైమింగ్ రెండు మూడు డిగ్రీలు వెనక్కి తీయించండి. మరీ ఎక్కువ వెనక్కి తీస్తే ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది, దాని భారం మళ్లీ ఆ వాల్వుల మీదే పడుతుంది, కాబట్టి ఒక్కో డిగ్రీ మార్చి అదే ఎత్తు మీద నడిపి వినండి. కార్బొరేటర్ మరీ పలచగా సెట్ అయి ఉందేమో, డిస్ట్రిబ్యూటర్‌లో అడ్వాన్స్ బరువులు పట్టుకుపోయాయేమో కూడా ఓసారి చూపించండి. నాకింగ్‌తో నడుపుతూ పోతే పిస్టన్ రింగుల మధ్య గట్లు విరుగుతాయి, అంతవరకు రానివ్వకండి.